ఇనుప ఖనిజానికి రాయల్టీ ఉన్నది, మనిషి బొమ్మకు లేదు

ఛాయాచిత్రాలు పంచుకొనే ఇన్‌స్టాగ్రామ్ అనే వేదికను గూర్చి రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రిక సంపాదకీయం వ్రాయవలసిన అవసరమేమిటని కొందరు సోదరులు ప్రశ్నించవచ్చు. వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ఎదుట ఉండగా ఇదేమి చర్చ అని ఆక్షేపించవచ్చు. మా సమాధానం సూటిగా చెప్పదలచుకున్నాము. రన్నింగ్ రూములో విశ్రమించే లోకో పైలటు చేతిలో, ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి చేతిలో, బ్రాంచి పోస్టాఫీసు నడిపే గ్రామీణ డాక్ సేవకుని ఇంటిలో ఈనాడు ఈ వేదిక ఉన్నది. మన పిల్లలు గంటల తరబడి దాని ముందు గడుపుతున్నారు. అంతకు మించిన సంగతి మరొకటి కలదు. అక్కడ కోట్లాది జనం ఉత్పత్తి చేస్తున్నారు, ఒక కంపెనీ లాభం పొందుతున్నది, ఉత్పత్తి చేసినవారికి కార్మికులనే పేరు కూడ లేదు. శ్రమ ఎక్కడ జరుగుతున్నదో, ఫలం ఎక్కడికి పోతున్నదో అడగడం కార్మిక సంఘం ధర్మం. ఆ ప్రశ్నను మేము బస్తరు నుండి ప్రారంభిస్తున్నాము.

బస్తరు మన పాఠకులకు తెలియని ప్రాంతం కాదు. కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని దశాబ్దాలుగా వాల్తేరు డివిజను ఉద్యోగులు నడిపినారు. జపానుతో కుదిరిన ఒప్పందం ఫలితంగా 1960వ దశకంలో నిర్మించిన మార్గమది. బైలాడిలా కొండల ఇనుప ఖనిజం ఆ పట్టాల మీదుగా విశాఖ రేవుకు చేరి ఓడలెక్కింది. ఖనిజం బరువు వ్యాగను వ్యాగనుకూ లెక్క వేసినారు, రవాణా చార్జీ వసూలు చేసినారు. 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం ప్రకారం ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించవలసి ఉన్నది. 2015లో ఆ చట్టాన్ని సవరించి, గనుల వల్ల నష్టపోయిన ప్రజల కొరకు జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పరచినారు. రాయల్టీలో మూడవ వంతుకు మించని మొత్తాన్ని గని యజమాని అదనంగా ఆ నిధికి చెల్లించాలి. ఆ నిధుల వినియోగంలో ఎన్నో లోపాలున్నవి. అయినా, ఒక ప్రాంతం నుండి సంపద తరలిపోతే ఆ ప్రాంత ప్రజలకు అందులో కొంత చెందవలెననే సూత్రాన్ని చట్టం అంగీకరించింది.

అదే 1957వ సంవత్సరంలో బస్తరు నుండి మరొక సంపద కూడ విదేశానికి పోయింది. స్వీడను దేశానికి చెందిన ఆర్నె సుక్స్‌డార్ఫ్ అనే చలనచిత్ర దర్శకుడు, అంతకు పూర్వమే ఆస్కారు బహుమతి పొందినవాడు, నారాయణపూర్ ప్రాంతంలోని గఢ్ బెంగాల్ గ్రామానికి వచ్చి మురియా ఆదివాసుల జీవితాన్ని చిత్రించినాడు. పులితో ఆడుకొనే చెంద్రూ అనే బాలుడు ఆ చిత్రంలో అందరి దృష్టినీ ఆకర్షించినాడు. పండిత రవిశంకర్ ఆ చిత్రానికి సంగీతం సమకూర్చినారు. 1958లో కాన్ ఉత్సవంలో అది ప్రదర్శితమైనది. దర్శకుని భార్య ఆస్ట్రిడ్ తీసిన ఛాయాచిత్రాలు పుస్తకంగా వెలువడినవి. చెంద్రూను స్వీడనుకు తీసికొనిపోయినారు, తిరిగి పంపినారు. అతని ముఖం అనేక దేశాల పిల్లలకు పరిచయమైనది. ఆ మనిషి మాత్రం తన ఊరిలో సామాన్య జీవితం గడిపి, 2013లో పేదరికంలోనే కన్నుమూసినాడు. ఖనిజానికి రాయల్టీ విధించిన ఏడాదిలోనే తరలిపోయిన ఆ ముఖానికి ఏ రాయల్టీ లేదు. దర్శకుని దుష్టునిగా చిత్రించుట మా ఉద్దేశం కాదు. ఆయన కళను లోకం మెచ్చింది. బొమ్మలో ఉన్నవానికి బొమ్మ విలువలో భాగముండవలెననే ఆలోచన నాటి ఒప్పందాలలోనే లేదు.

అరువది నాలుగేండ్ల తరువాత, 2021 జులైలో, అదే బస్తరులోని సుక్మా జిల్లాకు చెందిన మరొక బాలుడు దేశమంతటా ప్రసిద్ధుడైనాడు. 2019లో పాఠశాలలో ఉపాధ్యాయుడు అతనిచేత ఒక ప్రేమగీతం పాడించి ఫోనులో చిత్రించినాడు. రెండేండ్లకు ఆ దృశ్యం ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో దావానలంలా వ్యాపించింది. సినీ తారలు దానికి అభినయించినారు. ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ బాలుని పిలిపించి పాడించుకొని సత్కరించినారు. ఆగస్టులో ప్రసిద్ధ గాయకుడు బాద్‌షా ఆ పాటకు కొత్త రూపమిచ్చి విడుదల చేసినారు. పాట అసలు రూపం గుజరాత్ ప్రాంతపు గాయకునిది. డిసెంబరులో ఆ బాలుడు రోడ్డు ప్రమాదంలో తలకు గాయమై జగదల్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రికి చేరినాడు. ప్రభుత్వ వైద్యులు చికిత్స చేసినారు. అతని పేరు లోకమంతా ఎరుగును గాని, నాడతడు బడికి పోయే పిల్లవాడు గనుక మేము వ్రాయడం లేదు.

అతనిని పలువురు ఆదరించినారు, సంతోషమే. కాని ఆదరం వేరు, హక్కు వేరు. ఈ వేదిక నియమాలను పరిశీలించండి. బొమ్మ మీద యాజమాన్యం తమది కాదని కంపెనీ అంటుంది. అదే సమయంలో, బొమ్మను ప్రపంచమంతటా ఏ ప్రతిఫలమూ చెల్లించకుండా వాడుకొనుటకు, ఇతరులకు ఆ అనుమతిని బదలాయించుటకు పంపినవాని వద్ద అంగీకారం తీసుకుంటుంది. ఒప్పందం పంపినవానికీ కంపెనీకీ మధ్యనే. బొమ్మలో ఉన్నవాడు అందులో పక్షమే కాదు. 1957లో చెంద్రూ ముందు కనీసం ఒక మనిషి కెమేరాతో నిలబడినాడు. అడగదలిస్తే అడుగుటకు ఎదుట ఒకడున్నాడు. 2021లో సుక్మా బాలుని ఎదుట ఉన్నది ఒక ఉపాధ్యాయుడు మాత్రమే. లాభం పొందినవారు సముద్రాలకు ఆవల ఉన్నారు.

ఆ లాభం ఎంతటిదో చూతము. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో కెవిన్ సిస్ట్రామ్, మైక్ క్రీగర్ అనే ఇరువురు యువకుల చేత ప్రారంభమైనది. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ దానిని 100 కోట్ల డాలర్లకు కొనుగోలు చేయుటకు ఒప్పందం కుదుర్చుకున్నది. అప్పటికి ఆ సంస్థలో ఉన్న ఉద్యోగులు 13 మంది. పదముగ్గురి చేతి శ్రమకు వంద కోట్ల డాలర్ల విలువ రాదు. సుమారు మూడు కోట్ల మంది తమ బొమ్మలను తెచ్చి అక్కడ పోసినారు గనుకనే ఆ విలువ వచ్చింది. నేడు మెటా అని పేరు మార్చుకున్న ఆ మాతృసంస్థకు 2024వ సంవత్సరంలో వచ్చిన రాబడి 16,450 కోట్ల డాలర్లు. దాదాపు అంతా ప్రకటనల ద్వారా వచ్చినదే. ప్రకటనదారు కొనేది మన చూపును. ఆ చూపును నిలబెట్టేది సుక్మా బాలుని వంటి వారి పాట.

ఇక ఆ వేదికలో జరిగిన మార్పులు. 2012 డిసెంబరులో కంపెనీ తన నియమాలను సవరించి, వినియోగదారుల బొమ్మలను వారి అనుమతి లేకుండ ప్రకటనలకు వాడుకొనవచ్చుననే అర్థం వచ్చే వాక్యాలు చేర్చింది. ప్రజలు ఆగ్రహించినారు. కొద్ది దినాలలోనే కంపెనీ ఆ వాక్యాలను ఉపసంహరించుకొనవలసి వచ్చింది. ఎవరి బొమ్మ ముందు పెట్టినవారిది ముందు కనబడే క్రమాన్ని 2016లో తీసివేసి, కంపెనీ యంత్రగణితం ఎంచినది ముందు కనబడే పద్ధతి తెచ్చినారు. 2018 సెప్టెంబరులో స్థాపకులిరువురూ సంస్థను విడిచిపోయినారు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించగా, పది దినాలలోపుగానే, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ ప్రవేశపెట్టింది. ఛాయాచిత్రాల వేదిక క్రమంగా కదిలే బొమ్మల వేదికగా మారిపోయినది. 2022 జులైలో వినియోగదారులు బహిరంగంగా నిరసించగా కంపెనీ కొన్ని మార్పులను తాత్కాలికంగా వెనుకకు తీసుకున్నది.

ఈ చరిత్ర నుండి రెండు సంగతులు తేటపడుతున్నవి. మొదటిది: పని నియమాలను యాజమాన్యం ఏకపక్షంగా మార్చుచున్నది. రైళ్ల వేళలు మారితే ముందుగా ప్రకటిస్తారు. రోస్టరు మారితే నోటీసు ఇవ్వాలి, సంఘం ఆక్షేపించవచ్చు. ఈ వేదిక మీద ఆధారపడి బట్టలమ్ముకొనే చేనేత కుటుంబం, డోక్రా బొమ్మలమ్ముకొనే బస్తరు కళాకారుడు మాత్రం ఒకనాడు ఉదయం లేచేసరికి తన సరుకు ఎవరికీ కనబడకుండ పోయిందని గ్రహించవలసినదే. కారణం అడుగుటకు కౌంటరు లేదు. రెండవది: జనం కలిసి కదలినప్పుడు, 2012లోను 2022లోను, అంతటి కంపెనీ వెనుకడుగు వేసింది. సంఘం లేని జనమే అంత సాధిస్తే, సంఘం ఉన్న జనం ఎంత సాధించవచ్చును!

ఉచితంగా ఇచ్చే సేవకు ఈ ఆక్షేపణలేమిటని కొందరంటారు. ఆ వేదికయే లేకపోతే సుక్మా బాలుని ఎవరెరుగుదురని కూడ అంటారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. మారుమూల పల్లెకు లోకం వినిపించుకొనే అవకాశం కలిగింది. దానిని మేము కాదనము. కాని రైలు వచ్చినందుకు బస్తరుకు మేలు జరిగిందని చెప్పి ఖనిజానికి రాయల్టీ వద్దని ఎవ్వరూ అనలేదు. మార్గం వేసినవానికి కూలి ముట్టవలసినదే. సరుకు ఇచ్చినవానికి వెల ముట్టవలసినదే. ఒకటి రెండవదానిని రద్దు చేయదు.

పైగా ఎవరి గొంతు వినిపించాలో నిర్ణయించేది కూడ కంపెనీయే. 2024 ఫిబ్రవరిలో, రాజకీయ, సామాజిక విషయాల దృశ్యాలను తమంతట తాముగా ప్రజలకు సూచించబోమని ఇన్‌స్టాగ్రామ్ ప్రకటించింది. 2025 జనవరిలో ఆ విధానాన్ని తలక్రిందులు చేసి, మరల సూచిస్తామన్నది. అదే నెలలో అమెరికాలో స్వతంత్ర సంస్థల చేత నిజానిజాలు పరిశీలింపజేసే ఏర్పాటును రద్దు చేస్తున్నట్లు మెటా ప్రకటించింది. ఈ మార్పుల అర్థం బస్తరులో ఆలోచించండి. ప్రేమగీతం లోకమంతా పోవచ్చును. భూమి పోయిన రైతు గోడు, కూలి ముట్టని కూలీ మాట, నాసిరకం రోడ్డు దృశ్యం ‘సామాజిక విషయం’ అవుతుంది. అది పోవచ్చునో పోరాదో కాలిఫోర్నియాలో నిర్ణయమవుతుంది. అటువంటి రోడ్డును గూర్చి వార్త వెలువరించిన బీజాపూర్ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ మృతదేహం 2025 జనవరి 3న ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఆయన యూట్యూబులో బస్తరు వార్తలు చూపేవాడు. నిజమైన బొమ్మ తెచ్చుటకు అక్కడ మనుషులు ప్రాణాలు పణంగా పెడుతున్నారు. ఆ బొమ్మ ఎంతమందికి చేరాలో నిర్ణయించే హక్కు రహస్య గణితానికి ఉండరాదు.

ఇన్‌స్టాగ్రామ్ పుట్టిన 2010వ సంవత్సరంలోనే ఛత్తీస్‌గఢ్‌లో మరొక వేదిక కూడ పుట్టింది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి ప్రారంభించిన సీజీనెట్ స్వరలో ఆదివాసులు మామూలు ఫోను ద్వారా గోండీలోను హిందీలోను తమ సమస్య చెప్పవచ్చు, ఇతరులు వినవచ్చు. రేషను అందలేదనో, చేతిపంపు చెడిపోయిందనో చెప్పిన మాటను పరిశీలించి వినిపించేవారు. దాని వెనుక వంద కోట్ల డాలర్లు లేవు. అయినా గోండీ మాట తెలిసిన మనుషులున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షలకు పైగా ఉన్నారు. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హౌగెన్ బయటపెట్టిన పత్రాల ప్రకారం, అసత్య ప్రచారాన్ని గుర్తించుటకు కేటాయించిన వనరులలో 87 శాతం ఒక్క అమెరికాకే. మిగిలిన లోకమంతటికీ 13 శాతం. ఆ పదమూడులో గోండీకి, హల్బీకి దక్కినదేమిటో కంపెనీ చెప్పవలెను.

ఆ పత్రాలే మరొక విషయాన్ని కూడ వెల్లడించినవి. ఇన్‌స్టాగ్రామ్ వల్ల కౌమారంలో ఉన్న బాలికలలో కొందరికి తమ శరీరం పట్ల న్యూనతాభావం పెరుగుతున్నదని సంస్థ సొంత పరిశోధనయే తెల్పింది. 2022 సెప్టెంబరులో ఐర్లండు నియంత్రణ సంస్థ, పిల్లల సమాచారాన్ని సరిగా కాపాడనందుకు 40.5 కోట్ల యూరోల జరిమానా విధించింది. 2024 జనవరి 31న అమెరికా సెనేటు విచారణలో మార్క్ జుకర్‌బర్గ్ లేచి నిలబడి, పిల్లలను కోల్పోయిన తల్లిదండ్రుల వైపు తిరిగి విచారం వెలిబుచ్చినాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో పిల్లలకు ప్రత్యేక ఖాతాలు ప్రకటించినారు. జరిమానా, విచారణ, బహిరంగ అవమానం వరుసగా వచ్చిన తరువాతనే రక్షణ వచ్చింది. గనిలోనైనా, లెవెల్ క్రాసింగులోనైనా భద్రత ఇట్లే వచ్చినదని మన ఉద్యమ చరిత్ర ఎరిగినవారికి తెలియును.

బొమ్మలు పెట్టేవారి శ్రమ ఒకటి కాగా, బొమ్మలను వడపోసేవారి శ్రమ మరొకటి. హత్య, హింస, అశ్లీలం నిండిన దృశ్యాలను రోజంతా చూచి తొలగించే పనిని ఈ కంపెనీ కాంట్రాక్టర్లకు అప్పగించింది. ఆ పని మన హైదరాబాదులో కూడ జరిగింది. జెన్‌పాక్ట్ అనే కాంట్రాక్టు సంస్థలో ఫేస్‌బుక్ కొరకు పనిచేసే యువతీయువకులు తక్కువ జీతాన్ని, అధిక పనిభారాన్ని, మానసిక క్షోభను గూర్చి చెప్పుకున్న సంగతిని 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ ప్రచురించింది. అమెరికాలో అదే పని చేసినవారు కోర్టుకెక్కగా, 2020 మే నెలలో 5.2 కోట్ల డాలర్ల పరిహారానికి కంపెనీ అంగీకరించింది. హైదరాబాదు కార్మికునికి ఆ రాజీలో స్థానం లేదు. 2023 మేడే నాడు నైరోబీ నగరంలో 150 మందికి పైగా ఇట్టి కార్మికులు సమావేశమై సంఘం పెట్టుకొనుటకు తీర్మానించినారు. వారికి మా సోదరాభివందనాలు. నేడు ఆ పనిని యంత్రానికి అప్పగిస్తామని కంపెనీలు అంటున్నవి. గనిలో యంత్రాలు దిగినప్పుడు బైలాడిలాలో ఏమి జరిగిందో మనకు తెలియును. వేలాది మంది కాంట్రాక్టు కార్మికులు పని కోల్పోయినారు, 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు మరణించినారు. యంత్రం వచ్చినప్పుడు మనిషి మాట ముందుగా తేల్చుకొనకపోతే ఎంత నష్టమో ఆ రక్తం చెప్పుచున్నది.

ఉద్యోగిని ఉద్యోగి అని పిలువకుండ పని చేయించుకొనే విద్య మన తపాలా సోదరులకు కొత్తది కాదు. ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు శాఖకు చెందినవారు కారని దశాబ్దాలు వాదించినారు. వారు సివిల్ పదవులు గలవారేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత కూడ, పేరు గ్రామీణ డాక్ సేవక్ అని మారింది గాని, సాధారణ ఉద్యోగుల హోదా నేటికీ రాలేదు. ఇన్‌స్టాగ్రామ్ వాడే ‘క్రియేటర్’ అనే బిరుదు కూడ అట్టిదే. పేరు గౌరవంగా ఉండును, హక్కు మాత్రం ఉండదు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో వేదికల కార్మికుల ప్రస్తావన ఉన్నది గదా అనవచ్చు. కేంద్ర కార్మిక సంఘాలు వ్యతిరేకించిన ఆ కోడ్‌లను పాలకులు ఈ మాట చెప్పియే సమర్థించుకుంటున్నారు. దాని ఏడవ షెడ్యూలులో సమాచార, వినోద సేవల వేదికలు కూడ ఉన్న మాట నిజమే. వేదిక తన వార్షిక రాబడిలో 1 నుండి 2 శాతం సంక్షేమ నిధికి చెల్లించాలి. కాని ఆ మొత్తం, కార్మికులకు చెల్లించే సొమ్ములో 5 శాతాన్ని మించరాదని గరిష్ఠ పరిమితి పెట్టినారు. కార్మికునికి ఏమీ చెల్లించని వేదిక సంగతి ఏమి? సున్నలో 5 శాతం సున్నయే. ఎంత తక్కువ చెల్లిస్తే అంత తక్కువ బాధ్యత అనే ఈ సూత్రం యజమానికి బహుమతి, కార్మికునికి శిక్ష.

తపాలాశాఖ వేరొక సూత్రం మీద నిలిచినది. కొంటా నుండి ఢిల్లీకి వ్రాసినా, ఢిల్లీలో పక్క వీధికి వ్రాసినా పోస్టుకార్డు ధర ఒక్కటే. ఏ ఉత్తరం మనోరంజకంగా ఉన్నదో చూచి దానిని ముందు బట్వాడా చేయడు పోస్ట్‌మాన్. అట్లని వేదికలను ప్రభుత్వ సెన్సారుకు అప్పగించమని మేము కోరడం లేదు. ఉత్తరాలు విప్పే అధికారాన్ని విస్తరింపజేసిన 1986 నాటి తపాలా సవరణ బిల్లుకు రాష్ట్రపతి జైల్ సింగ్ ఆమోదముద్ర వేయలేదు. అటువంటి అధికారమే 2024 జూన్‌లో అమలులోకి వచ్చిన 2023 నాటి పోస్టాఫీసు చట్టంలో ఉన్నది. కంపెనీ గుత్తాధిపత్యం పోయి అధికారి గుత్తాధిపత్యం రావడం ప్రజలకు విముక్తి కాదు. బహిరంగ నియమాలు, అందరికీ ఒకే న్యాయం కావాలి.

మన ఇంటిని కూడ మనము చక్కదిద్దుకొనవలెను. పట్టాల మీద, కదిలే రైలు ద్వారాల వద్ద రీల్స్ తీసుకుంటూ యువకులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. భద్రతకు భంగం కలిగించే అట్టివారిపై కేసులు పెట్టవలసిందిగా 2024 నవంబరులో రైల్వే బోర్డు ఆదేశించింది. శిక్ష అవసరమే. కాని ఎక్కువ ప్రమాదానికి ఎక్కువ వీక్షకులను బహూకరించే కంపెనీని ఎవరూ ప్రశ్నించుట లేదు. చివరి క్షణంలో బ్రేకు వేసి, నిదురలో ఆ దృశ్యాన్ని మోసేది మన లోకో పైలటు. మన సభ్యులు డ్యూటీలో ఉండగా ప్రయాణికుల బొమ్మలు గాని, ఇతరుల ఉత్తరాల మీది చిరునామాలు గాని ఈ వేదికలలో పెట్టరాదని కూడ విజ్ఞప్తి చేస్తున్నాము. ఇతరుల బొమ్మను గౌరవించనివాడు తన బొమ్మకు గౌరవం కోరజాలడు.

కనుక మేము ఈ కోర్కెలను ముందుంచుతున్నాము. వేదికల నియమాలు మార్చుటకు ముందు, మన భాషలలో నోటీసు ఇవ్వాలి. బొమ్మ తొలగించినా, కనబడకుండ చేసినా కారణం చెప్పాలి, మనిషి ఎదుట అప్పీలు ఉండాలి. పిల్లల బొమ్మ ద్వారా రాబడి వస్తే అందులో భాగం పెద్దవాడయ్యే వరకు ఆ బిడ్డ పేర జమ కావాలి. దానికి పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకును మించిన చోటు లేదు. సామాజిక భద్రతా కోడ్‌లోని 5 శాతం పరిమితిని తొలగించి, దేశంలో వచ్చిన ప్రకటనల రాబడి మీద చందా విధించాలి. ఖనిజ నిధి వలె అందులో కొంత, బొమ్మలు వచ్చిన ప్రాంతాల పాఠశాలలకు, భాషలకు చెందాలి. వడపోత పనివారిని మూలసంస్థ ఉద్యోగులుగా గుర్తించాలి. గోండీ, హల్బీ వంటి భాషలు తెలిసినవారిని ఆ పనిలో నియమించాలి.

ఇవి గొంతెమ్మ కోర్కెలని నవ్వేవారుందురు. ఎనిమిది గంటల పనిని గూర్చి కూడ ఒకనాడు అట్లే నవ్వినారు. 1946 జులైలో తపాలా కార్మికులు, 1974 మే నెలలో రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు కూడ ఆ నవ్వు వినబడింది. సోదర సోదరీమణులారా, శాఖాసభలలో ఈ విషయాన్ని చర్చించండి. మీ పిల్లలను కూర్చోబెట్టుకొని, ఆ చిన్న తెర మీద ఆడే పాటలో శ్రమ ఎవరిదో, లాభం ఎవరిదో వివరించండి. తీర్మానాలు చేసి ఫెడరేషను కార్యాలయానికి పంపండి. బైలాడిలా రాతికి చట్టం ఇచ్చిన విలువ సుక్మా బాలుని గొంతుకు కూడ దక్కే వరకు ఈ ప్రశ్నను మేము విడిచిపెట్టబోము.